తమ్ముడి కొడుక్కి ఒకటి, మతపెద్దలకు ఒకటి

మనిషి మనసులో ఏముందో పెళ్లి సంబంధం దగ్గర బయటపడుతుంది. తెలుగువాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య పెళ్లిళ్లు మీకు సమ్మతమేనా అని 1958లో గాలప్ సంస్థ అమెరికాలో అడిగితే సరేనన్నవాళ్లు నూటికి నలుగురు. 2021లో 94 మంది సరేనన్నారు. పార్టీల సంగతి ఇందుకు తలకిందులుగా నడిచింది. మా బిడ్డ అవతలి పార్టీవాళ్లతో వియ్యమందితే మాకు కష్టంగా ఉంటుందని 1960లో చెప్పినవాళ్లు ఏ పార్టీలోనూ నూటికి ఐదుగురికి మించలేదు. 2010 నాటికి రిపబ్లికన్లలో సగం దాకా, డెమోక్రాట్లలో మూడోవంతు ఆ మాట అన్నారు.

రంగు ద్వేషం పోయి పార్టీ ద్వేషం వచ్చిందని కొందరు ఈ అంకెలు చూపించి చెబుతారు. నేను ఒప్పుకోను. ఎవరు ఏ పార్టీ అన్నది ఇవాళ అమెరికాలో చాలావరకు రంగునుబట్టి, చర్చినుబట్టి, పల్లె పట్నం తేడానుబట్టి తెలిసిపోతోంది. పాత ద్వేషం ఇల్లు మారింది, అంతే. ఈ దేశ పౌరసత్వం తీసుకున్నవాడిగా నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. దీనికి మందు ఏమిటని అడిగితే అన్నివైపుల నుంచీ వినిపించే మాట ఒకటే: ఐక్యత కావాలి. ఆ మాట వినగానే నాకు అరవై ఏళ్ల కిందటి రెండు ఉత్తరాలు గుర్తొస్తాయి. ఒకటి నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ తన తమ్ముడి కొడుక్కి రాసింది. రెండోది పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి ఎనిమిదిమంది తెల్ల మతపెద్దలకు రాసింది. రెండిటికీ మధ్య ఎడం నాలుగైదు నెలలే. విడివిడిగా చాలామంది చదివారు. పక్కపక్కన పెట్టి చదివితే ఒకదానిలో లేనిది రెండోదానిలో కనిపిస్తుంది.

ముందు కింగ్ సంగతి. 1963 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే. ఊరేగింపులు చేయరాదన్న కోర్టు ఉత్తర్వును కాదని జాతి వేర్పాటుకు వ్యతిరేకంగా నడిచినందుకు అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఆయన్ను అరెస్టు చేశారు. జైల్లో ఉండగా ఎనిమిదిమంది మతపెద్దల ప్రకటన ఆయన చేతికొచ్చింది. వాళ్లలో బిషప్పులున్నారు, పాస్టర్లున్నారు, ఒక యూదు రబ్బీ ఉన్నాడు. ఈ ఆందోళన తెలివైన పని కాదు, ఇది సమయం కాదు, బయటివాళ్లు వచ్చి నడిపిస్తున్నారు, కోర్టుల్లో తేల్చుకోవాలి అన్నది దాని సారం. ఆ ప్రకటన ఐక్యతకు పిలుపు అన్న పేరుతోనే చరిత్రకెక్కింది. వీళ్లు ముసుగులేసుకొని నల్లవాళ్ల మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ మనుషులు కారు. మూడు నెలల ముందు, జాతి వేర్పాటును ఎత్తేయమన్న కోర్టు తీర్పులను గౌరవించండని తెల్లవాళ్లకు చెప్పినవాళ్లు కూడా వీళ్లే. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే పెద్దమనుషులు. కింగ్ ఆ ప్రకటన అచ్చయిన పత్రిక అంచుల మీదే జవాబు రాయడం మొదలుపెట్టాడు. తర్వాత చిత్తుకాగితాల మీద, లాయర్లు తెచ్చిన కాగితాల మీద సాగించాడు. ఏప్రిల్ 16 తేదీతో ఆ ఉత్తరం లోకానికి తెలిసింది.

బాల్డ్విన్ ఉత్తరం అంతకుముందు డిసెంబరులో ది ప్రోగ్రెసివ్ పత్రికలో వచ్చింది. బానిసల విముక్తి ప్రకటనకు నూరేళ్లు నిండుతున్న సందర్భం. తర్వాత 1963లో ది ఫైర్ నెక్స్ట్ టైమ్ అన్న చిన్న పుస్తకంలో మొదటి వ్యాసంగా చేరింది. అందుకున్న కుర్రవాడి పేరు కూడా జేమ్సే, పెదనాన్న పేరే పెట్టారు. ఇంగ్లీషులో వాడిన బంధుత్వపు మాట మేనల్లుడికీ అన్నదమ్ముల కొడుక్కీ ఒకటే. మనకు కాదు. తమ్ముణ్ని తాను చేతుల్లో ఎత్తుకు తిరిగానని బాల్డ్విన్ ఆ ఉత్తరంలో చెప్పుకుంటాడు. అంటే మన వరసల్లో ఆ జేమ్స్ ఆయనకు కొడుకే. మేనల్లుడికి ఉత్తరం అని తెలుగులో రాస్తే ఆ బరువు సగం తగ్గిపోతుంది. పెదనాన్న రాసిన ఉత్తరంగా చదివితేనే దాని గొంతు పట్టుబడుతుంది.

ఇద్దరూ చర్చిలో పెరిగినవాళ్లే. కింగ్ తండ్రి, తాత పాస్టర్లు, ఆయనా పాస్టరే. బాల్డ్విన్ పెంపుడు తండ్రి హార్లెంలో బోధకుడు, పద్నాలుగో ఏట నుంచి మూడేళ్లపాటు బాల్డ్విన్ కూడా బోధించాడు, తర్వాత బయటికొచ్చేశాడు. ఒకరు వేదిక మీద ఉండిపోయారు, ఒకరు దిగిపోయారు. ఇద్దరి వాక్యాల నడకలో ఈ తేడా ఉంది. కింగ్ ఉత్తరం సోక్రటీసును, సెయింట్ అగస్టీన్‌ను, అక్వినాస్‌ను, మార్టిన్ బూబర్‌ను సాక్షులుగా పిలుస్తుంది. ఎందుకంటే చదివేవాళ్లు వేదాంతం చదువుకున్నవాళ్లు, వాళ్ల గ్రంథాలతోనే వాళ్లకు జవాబు చెప్పాలి. బాల్డ్విన్ గ్రంథాలను సాక్షులుగా పెద్దగా పిలవడు. ఈ ఉత్తరాన్ని ఐదుసార్లు మొదలుపెట్టి ఐదుసార్లూ చించేశానని చెప్పి మొదలెడతాడు. ఆయన సాక్షులు ఇంటివాళ్లే: చనిపోయిన తండ్రి, చిన్నప్పుడు నవ్విన తమ్ముడు, పుట్టినప్పుడు దగ్గరున్న నాయనమ్మ.

కింగ్ ఉత్తరంలో ఒక వాక్యం మూడువందల పదాలు దాటుతుంది. ఇంకా ఆగండి అన్నవాళ్లకు అది జవాబు. కన్నతల్లులను మూకలు చంపడం చూసినప్పుడు, టీవీ ప్రకటనలో చూసిన ఆటల పార్కుకు నువ్వు వెళ్లకూడదమ్మా అని ఆరేళ్ల కూతురికి చెప్పలేక నాలుక తడబడినప్పుడు, ఇలా ఒక్కో సంగతీ పేరుకుంటూ పోతుంది, అసలు క్రియ మాత్రం రాదు. చిట్టచివర వస్తుంది, మేమెందుకు ఆగలేమో అప్పుడు మీకర్థమవుతుందని. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే పలకాలి. కింగ్ దాన్ని ఆపిపెట్టి, నిరీక్షణ అంటే ఏమిటో పాఠకుడి ఊపిరికే తెలిసేలా చేశాడు. క్రియ కోసం చివరిదాకా ఆగడం తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన అలవాటు కాబట్టి ఈ వాక్యం అనువాదంలో చప్పబడిపోయే ప్రమాదముంది. అయితే ఆ వాక్యంలోనే మనకు మిగతా లోకం కన్నా బాగా తెలిసిన సంగతి ఒకటుంది. ఎంత వయసొచ్చినా నల్లవాణ్ని అబ్బాయీ అని పిలవడం, భార్యకూ తల్లికీ గౌరవవాచకం తగిలించకపోవడం. డెబ్బై ఏళ్ల మనిషిని ఏరా అని పిలిచే కుర్రవాళ్లను చూసిన పల్లెలు మనకున్నాయి. గారు అన్న రెండక్షరాలు కొందరికి పుట్టుకతో వస్తాయి, కొందరికి చచ్చేదాకా రావు.

ఇక అసలు భేదం. కింగ్ దృష్టిలో ఎదుటివాళ్లకు తెలుసు. న్యాయమేదో తెలిసీ శాంతి చెడుతుందని జంకుతున్నారు. అందుకే క్లాన్ మనిషి కంటే, న్యాయం కన్నా నిమ్మళమే ముఖ్యమనుకునే తెల్ల పెద్దమనిషే తమకు పెద్ద అడ్డమన్న నిర్ణయానికి దాదాపుగా వచ్చానన్నాడు. ఉద్రిక్తతను తాము పుట్టించలేదని, లోపల ఉన్నదాన్ని పైకి తెచ్చామని వాదించాడు. ఇవాళ అమెరికాలో విభజన అంటూ వాపోయేవాళ్లు మొదట చదవాల్సిన పేజీలు ఇవే. గాయం చూపించినవాడి మీద గాయం చేశావన్న నింద వేయడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

బాల్డ్విన్ ఇంకో అడుగు లోపలికి వెళ్లాడు. వాళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు అన్నాడు. ఏమీ ఎరగనట్టుండే ఆ అమాయకత్వమే నేరమని తీర్పు చెప్పాడు. తామే అర్థం చేసుకోని చరిత్రలో తెల్లవాళ్లు చిక్కుకుపోయి ఉన్నారని, అది అర్థమయ్యేదాకా వాళ్లకు విడుదల లేదని చెప్పాడు. నా మటుకు రోగనిర్ణయంలో బాల్డ్విన్‌దే పైచేయి. నల్లవాళ్ల ఓటుకు కాపలాగా తెచ్చిన 1965 చట్టంలోని ముఖ్యమైన ఏర్పాటును సుప్రీంకోర్టు 2013లో కొట్టేసింది. ఆ కేసు వేసింది అలబామాలో బర్మింగ్‌హామ్‌ను ఆనుకొని ఉన్న షెల్బీ కౌంటీ. కాలం మారిందన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనంలోకి చొరబడిన గుంపులో ఒకడు, బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది కాన్ఫెడరేట్ జెండాను భుజాన వేసుకొని నడిచాడు. ఆ మరుసటి ఏడు ఫ్లోరిడా, జాతి చరిత్రను బడిలో ఎలా చెప్పాలో కట్టడి చేస్తూ చట్టం చేసింది. తెలుసుకోవద్దన్న కోరిక ఇక్కడ చట్టమైంది. దీన్ని కింగ్ ఊహించలేదు. బాల్డ్విన్ ఊహించాడు.

కానీ రోగం పేరు చెప్పినంతమాత్రాన మందు దొరకదు. బాల్డ్విన్ ఉత్తరంలో రేపు పొద్దున ఏం చేయాలో లేదు. ఒక వీధి లేదు, ఒక చట్టం పేరు లేదు. ఎదుటివాళ్లు తమను తాము ఉన్నట్టుగా చూసుకునేలా ప్రేమతో బలవంతపెట్టాలంటాడు, ఎలాగో చెప్పడు. కింగ్ దగ్గర వరస ఉంది: నిజానిజాలు తేల్చుకోవడం, మాట్లాడి చూడటం, మనసు శుద్ధి చేసుకోవడం, ఆ తర్వాతే వీధిలోకి దిగడం. ఈ వరసతోనే మే నెలలో బర్మింగ్‌హామ్ పిల్లలు అగ్నిమాపక గొట్టాల నీళ్లకూ పోలీసు కుక్కలకూ ఎదురు నిలబడ్డారు, 1964 జులైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. మధ్యలో 1963 సెప్టెంబరు 15న అదే ఊరిలో ఒక చర్చిని బాంబుతో పేల్చి నలుగురు ఆడపిల్లలను చంపారు. ఆ సంఖ్యను దాటేసి చట్టం గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

ఇన్ని తేడాల మధ్య రెండు ఉత్తరాలూ కలిసే చోటు ఒకటుంది, నేను ఇంతదూరం వచ్చింది దానికోసమే. ఇద్దరూ తమ ఉత్తరం అందుకునేవాళ్లకే కష్టమైన మాట చెప్పారు. కింగ్ తన మాట వినగలరనుకున్న మతపెద్దలకు, మీ నిమ్మళమే మాకు సంకెల అని చెప్పాడు. చెబుతూనే, ఆ ఎనిమిదిమందిలో ఒక పాస్టరు ఆదివారం ప్రార్థనకు నల్లవాళ్లను రానిచ్చినందుకు పేరుపెట్టి మెచ్చుకున్నాడు. బాల్డ్విన్ తన ఇంటి కుర్రవాడికి అంతకన్నా కష్టమైనది చెప్పాడు: వాళ్లు నిన్ను ఒప్పుకుంటారా అన్నది ప్రశ్న కాదు, నువ్వే వాళ్లను ఒప్పుకోవాలి, అదీ ప్రేమతో. తండ్రిని ద్వేషమే లోపల్నుంచి తినేయడం చూసినవాడు, అవమానాలు తప్పవని తెలిసిన పిల్లవాడికి ఈ మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఇవాళ అమెరికాలో రెండు పార్టీల వేదికల మీదా వినేది దీనికి పూర్తిగా ఎదురు. మనవాళ్లకు తీపి మాట, అవతలివాళ్లకు చేదు మాట. చప్పట్లు కొట్టేవాళ్ల ముఖం మీద వాళ్ల తప్పు చెప్పగల నాయకుణ్ని చూసి చాలాకాలమైంది.

ఇది మనకెందుకు అనే తెలుగువాళ్లకు ఒక మాట. భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పిచ్చింది. 1946 చట్టం పౌరసత్వం ఇచ్చి, ఏడాదికి వందమంది చొప్పున మాత్రం రానిచ్చింది. ఆ తలుపును బాగా తెరిచింది 1965 వలస చట్టం. నల్లవాళ్లు జైళ్లకెళ్లి, దెబ్బలు తిని, ప్రాణాలు పోగొట్టుకొని కదిలించిన కాలమే ఆ చట్టాన్ని తెచ్చింది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో మనం కట్టుకున్న ఇళ్ల పునాదుల్లో బర్మింగ్‌హామ్ రాళ్లున్నాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేత ఊళ్లో, మా దేశం నుంచి పొండని అరుస్తూ ఒకడు ఇద్దరు భారతీయ ఇంజనీర్ల మీద కాల్పులు జరిపాడు. హైదరాబాదు నుంచి వెళ్లిన ఒకరు చనిపోయారు. వాళ్లు ఇరానీలనుకున్నాడు కాల్చినవాడు. తెలియకపోవడం, తెలుసుకోవాలనుకోకపోవడం చేతిలో తుపాకీ పట్టుకుంటే ఏమవుతుందో అక్కడ చూశాం. ఆ తర్వాత బయట తెలుగులో గట్టిగా మాట్లాడకండని మనవాళ్లే మనవాళ్లను హెచ్చరించారు. ఆ సలహా ఇచ్చినవాళ్ల భయం నాకు తెలుసు, నేనూ ఆ భయంతోనే కొన్నాళ్లు ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడాను. అయినా అది ఎనిమిదిమంది మతపెద్దల సలహాకు చుట్టమే.

మనం మనవాళ్లకు చెప్పాల్సిన కష్టమైన మాట వేరే ఉంది. 1959లో కింగ్ భారతదేశం వచ్చినప్పుడు త్రివేండ్రంలో ఒక బడి ప్రధానోపాధ్యాయుడు ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశాడు. మొదట మనసు చివుక్కుమన్నదని, ఆలోచిస్తే అది నిజమేననిపించిందని ఆయనే 1965 జులై 4న తన చర్చి ప్రసంగంలో చెప్పాడు. మనం మాత్రం కులాన్ని పెట్టెలో సర్దుకొని ఇక్కడికి తెచ్చుకున్నాం. కుల వివక్షను నిషేధిస్తూ 2023లో సియాటెల్ నగరం చట్టం చేయాల్సి వచ్చింది. నల్లవాళ్లున్న వీధిలో ఇల్లు కొనొద్దని కొత్తగా వచ్చినవాళ్లకు సలహా ఇచ్చే తెలుగు నోళ్లు ఎన్నో నేను విన్నాను. తెల్లవాడు మనల్ని చిన్నచూపు చూశాడని వాపోయేదీ ఆ నోళ్లే.

ఈ కష్టమైన మాట ఇంట్లోనే మొదలుపెట్టాలంటే బాల్డ్విన్ ఉత్తరం ఉంది, కొద్ది పేజీలే. ఒక సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకొని పైకి చదవండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పి, మరుసటి వారం కింగ్ ఉత్తరం అందుకోండి. అది వేదాంతం చదువుకున్న మతపెద్దల కోసం రాసింది కాబట్టి పెద్దవాళ్లు ముందుగా ఒంటరిగా చదువుకోవడం మంచిది.