ఉగ్గుగిన్నె ఎవరి చేతిలో ఉంది?

ఫలానా ఆయనకి ఉగ్గుపాలతోనే సాహిత్యం అబ్బిందని మన ముందుమాటల్లో, సన్మాన సంచికల్లో ఎన్నిసార్లు చదివామో! ఉగ్గుపాలు తాగినవాడి గురించి పేజీలకు పేజీలుంటాయి. రంగరించి పోసిన చెయ్యి గురించి ఒక్క మాట ఉండదు. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నేనూ ఈ మాటని ఏ అనుమానమూ లేకుండా వాడినదాన్నే. మా పాపకి మొదటి ముద్ద పెట్టాల్సి వచ్చేదాకా నాకీ ప్రశ్న తట్టలేదు.

మాది నూజివీడు దగ్గర పల్లె. పాపకి ఆర్నెల్లు నిండే వేళకి తోటల్లో రసాలు కోతకొచ్చాయి. అన్నప్రాశన ఎప్పుడన్న దగ్గర అమ్మకీ నాకూ పేచీ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దంది పిల్లల డాక్టరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచీ చెబుతున్నదీ అదే. సంప్రదాయం లెక్క వేరు. మగపిల్లలకి సరి నెల, ఆడపిల్లలకి బేసి నెల. అంటే మగపిల్లవాడికి ఆరో నెల దాకా ఆగే ఇల్లు, ఆడపిల్లకి ఐదో నెలలోనే, నాలుగు నిండగానే పెట్టెయ్యొచ్చన్నమాట! నేను పితృస్వామ్యం గురించి ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుని, "ఆరు నిండితే ఏడో నెల పడ్డట్టేగా! ఏడు బేసే. ఇంక గొడవెందుకే?" అంది. నా ఉపన్యాసం తేల్చలేనిది అమ్మ లెక్క తేల్చింది.

ఆ రోజు ఫొటోలున్నాయి. మేనమామ బంగారు ఉంగరంతో పాయసం నాకించాడు. పాప ముందు పుస్తకం, కలం, నగ, కత్తి పెట్టారు. గరిటె పెట్టాలని ఎవరికీ, నాకు కూడా, తోచలేదు. మర్నాటి నుంచి ఫొటోలు లేవు. అసలు పని మొదలైంది అప్పుడే. బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి, జారిపోకుండా చెంచాకి నిలిచేటట్టు మెదిపి, నెయ్యి వేసి రెండు మూడు చెంచాలు. పాప నాలుకతో బయటికి తోసేసేది. వద్దని కాదు, మింగడం ఇంకా రాలేదంతే. ఆర్నెల్ల తర్వాత తల్లిపాలలో ఇనుము చాలదు గనక గుడ్డు కూడా అలవాటు చెయ్యాలి. గడ్డిలో మాగేసిన చిన్న రసాన్ని పీచు లేకుండా వడగట్టి, పంచదార కలపకుండా చెంచాడు. తేనె మాత్రం ఏడాది దాటేదాకా వద్దు. ఏది ఆకలో, ఏది విసుగో, ఏది చాలనడమో ముఖం చూసి తెలుసుకోవాలి. పాప నోరు బిగించుకుంటే ఆగాలి. ఇది చదవడం కాదా? నేను ఇన్నేళ్ళు చేసిన పాఠపఠనం కన్నా ఇది తేలికేమీ కాదు.

ఇక సాహిత్యం సంగతి. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' రాసింది. పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాసింది. విమల 'వంటిల్లు' రాసింది. అప్పటిదాకా కవిత్వం గడపలోకి రానివ్వని గదుల్ని వాళ్ళు తెరిచారు. అయితే లేబర్ రూముకీ వంటింటికీ మధ్య ఉన్న ఈ నెలల గురించి, ఈ చెంచా గురించి నేనెక్కడైనా చదివానా? నా థీసిస్‌లో మాతృత్వం మీద ఒక అధ్యాయం ఉంది. అందులో రెండే గళ్ళు, బంధనం, మహిమ. ఏ రచనని తీసుకున్నా ఏదో ఒక గడిలో వేశాను. పిల్లకి తిండి పెట్టడం ఈ రెండింట్లో దేనిలోనూ పట్టదు. అది శ్రమ, నైపుణ్యం, విసుగు, ఒక్కోసారి గొప్ప సంతోషం. చదివినవాటిలో అలాంటి వాక్యాలు ఉన్నా నేను దాటేసి ఉంటాను. ఇది రచయిత్రుల లోపం అనడానికి నాకు నోరు రావడం లేదు. విమర్శ లోపం.

దీనికి మన చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. 1902లో 'ధనత్రయోదశి' రాసిన భండారు అచ్చమాంబ (1874-1905) తొలి కథకురాలా కాదా అని మనం ఇప్పటికీ చర్చించుకుంటున్నాం. మంచిదే. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు కూతురి పేరూ అచ్చమాంబే. మేనత్త పోయిన మరుసటి ఏడాది, 1906లో పుట్టింది. డాక్టరై బెజవాడలో వైద్యం చేసింది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి వెళ్ళింది. 'ప్రసూతి - శిశుపోషణ' అనే పుస్తకం రాసింది. మేనత్త సాహిత్య చరిత్రలో ఉంది. మేనకోడలు ఆరోగ్యం బీరువాలో ఉంది. స్త్రీలు స్త్రీల కోసం తెలుగులో రాసిన ఇలాంటి వచనాన్ని వచనంగా మనం ఎప్పుడైనా చదివామా? ఆ భాష తల్లిని ఎలా పిలుస్తుంది? ఆజ్ఞాపిస్తుందా, పక్కన కూర్చుని చెబుతుందా?

ఈ ప్రశ్న ఇక్కడితో ఆపితే నాలాంటివాళ్ళ ప్రశ్నగానే మిగిలిపోతుంది. 2017 నుంచీ చట్టం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల ప్రసూతి సెలవిస్తోంది. కాన్పుకి ముందే కొన్ని వారాలు వాడుకుంటే, మొదటి ముద్ద కన్నా ముందే సెలవు అయిపోతుంది. మామిడి తోటల్లో కూలికెళ్ళే స్త్రీలకి ఆ మాత్రం సెలవూ లేదు. మా ఊరి తోటలో కొమ్మకి చీర ఉయ్యాల కట్టి కాయలు ఏరుతున్న ఒకామెని అన్నప్రాశన ఎప్పుడు చేశారని అడిగాను. "ముహూర్తమెక్కడిదమ్మా! మేస్త్రి పిలిచేలోగా నాలుగు ముద్దలు పడితే చాలు" అంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది 11 శాతానికే. తల్లులకి తెలియక అని తేల్చెయ్యడం సులువు. ఆ నాలుగు ముద్దలకి పట్టే టైము ఎవరి చేతిలో ఉందో అడగడం కష్టం. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' చదివాక కూడా, అందరి వంటిల్లూ ఒకటే అన్నట్టు నేను ఆ అధ్యాయం రాశాను.

థీసిస్‌ని పుస్తకంగా వేద్దామని ఒక మిత్రురాలు అడుగుతోంది. ఆ అధ్యాయం తిరగరాయకుండా ఇవ్వలేనని చెప్పాను. రాయడానికి టైము కావాలి. ప్రస్తుతానికి పాప నిద్రపోయిన గంటలో, ఉగ్గుగిన్నె కడిగి బోర్లించాక, ఈ నాలుగు పేజీలు రాశాను.