అప్‌లోడు పాఠము: అమీర్‌పేట నేర్పునది, నేర్పక విడచునది

అమీర్‌పేట మెట్రో స్టేషనులో దిగి మైత్రివనము వైపు నడచువారికి మొదట కనబడునవి బోర్డులు. జావా, డాట్‌నెట్, పైథాన్, ఒరాకిల్ అను పేర్లు గోడలమీద, కరెంటు స్తంభములమీద, దారిన పోవువారి చేతిలో పెట్టు కరపత్రములమీద కలవు. ఆదిత్య ఎన్‌క్లేవులోని నీలగిరి, అన్నపూర్ణ బ్లాకులలో ఒక అంతస్తున ఒక కోచింగు సెంటరు, పై అంతస్తున మరొకటి. 2020లో కరోనా వచ్చిన తరువాత పాఠములలో చాల భాగము ఇంటర్నెటుమీదికి మారినను, ఇంజనీరింగు ముగించి ఉద్యోగము వెదకుకొను తెలుగు యువకులకు ఆ పేట నేటికిని రెండవ కళాశాల వంటిదే. నాలుగేండ్లు చదివినను చేతికి రాని పని అచ్చట కొద్ది నెలలలో చేతికి వచ్చునని చెప్పుకొందురు. అందు నిజము లేకపోలేదు. కాని ఆ పాఠములలో ఒకదానిని మాత్రము తీసికొని, అది ఏమి నేర్పుచున్నదో, ఏమి నేర్పక విడచుచున్నదో పరిశీలింపవలసియున్నది.

ఆ పాఠము ఫైలు అప్‌లోడు. వెబ్ పేజీలో ఒక ఫారము ఉండును. అందులో ఫైలును ఎన్నుకొను మీట నొక్కి, ఒక ఫోటోనో మార్కుల జాబితానో ఎన్నుకొని పంపినచో అది సర్వరును చేరును. ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. జిరాక్సు సంస్థలో పనిచేసిన ఎర్నెస్టో నెబెల్, లారీ మాసింటర్ అనువారు 1995 నవంబరులో దీని పద్ధతిని వ్రాసి ప్రకటించిరి. అంతకుముందు వెబ్ పేజీనుండి అక్షరములను పంపవచ్చునేగాని ఫైలును పంపుటకు సరియైన మార్గము లేదు. జావాలో ఈ పని చాలకాలము కష్టముగానే ఉండెను. 2009లో సర్వ్‌లెట్ మూడవ రూపాంతరము వచ్చిన పిమ్మట నాలుగైదు పంక్తులతో సరిపోవుచున్నది. పాఠములో ఆ పంక్తులు వ్రాయింతురు, ఒక బొమ్మను పంపింతురు, ఆ బొమ్మ తెరపై కనబడును, పాఠము ముగియును. విమర్శింపవలసినది ఆ ముగింపునే. ఒక్క సంస్థను పట్టుకొని అనవలసిన పని లేదు. పాఠ్యపుస్తకములలోను ఇంటర్నెటు పాఠములలోను కనబడు ఆనవాయితీ ఇది.

పాఠశాల ఆఫీసును ఊహించుకొనుడు. కిటికీవద్ద గుమాస్తా దరఖాస్తులు పుచ్చుకొనును. పుచ్చుకొన్న కాగితమును రిజిస్టరులో వ్రాసి, రికార్డు గదిలోని బీరువాలో పెట్టుట వేరొక పని. రిజిస్టరు డేటాబేసు, బీరువా ఫైళ్ల నిల్వస్థలము. మన పాఠము కిటికీవద్ద కాగితము పుచ్చుకొనుటను చక్కగా నేర్పి, దానిని కిటికీ బల్లమీదనే వదలివేయుచున్నది.

ఇది అలంకారమునకు చెప్పిన మాట కాదు. సర్వ్‌లెట్ పాఠములో, ప్రోగ్రాము తాను నడచుచున్న ఫోల్డరు ఎక్కడనున్నదో కనుగొని, అందులోనే అప్‌లోడ్సు అను ఉపఫోల్డరును సృష్టించి ఫైలును అచ్చట వ్రాయుట సామాన్యముగా కనబడును. జావా వెబ్ ప్రోగ్రామును వార్ అను ఒక మూటగా కట్టి టామ్‌క్యాట్ సర్వరునకు అందింతురు. సర్వరు ఆ మూటను విప్పి ఒక ఫోల్డరుగా పరచును. ప్రోగ్రాములో ఏదో దోషము దిద్ది క్రొత్త మూటను అందించినప్పుడు, పాత ఫోల్డరును తుడిచివేసి క్రొత్తదానిని పరచును. పాత ఫోల్డరుతోపాటు అందులోని అప్‌లోడ్సు కూడ పోవును. సర్వరు చేసినది తప్పు కాదు. అది తన వస్తువును తాను తీసివేసినది. ఇతరుల వస్తువును తెచ్చి అందులో పెట్టినవానిదే తప్పు. మూటను విప్పకయే నడుపునట్లు సర్వరును అమర్చినచో వ్రాయుటకు ఫోల్డరే దొరకదు. పాఠములో పనిచేసిన పంక్తి అచ్చట శూన్యమును తిరిగి ఇచ్చును.

నేర్చుకొనువానికి ఈ దోషము కనబడదు, కనబడినను అర్థము కాదు. ఎక్లిప్స్ వంటి పనిముట్టు ప్రోగ్రామును మరుగుననున్న ఒక ఫోల్డరులో ప్రతిగా నిలిపి నడుపుచుండును. శుభ్రపరచు మీట నొక్కగానే నిన్నటి బొమ్మలు మాయమగును. పోయినది పరీక్షకై పంపిన పువ్వు బొమ్మయే గనుక విద్యార్థి మరల ఒకటి పంపి ఊరకుండును. అదే విద్యార్థి రేపు ఒక పాఠశాలకు ప్రవేశ దరఖాస్తుల వెబ్‌సైటు కట్టి ఇచ్చినాడనుకొందము. జూన్ మాసములో నాలుగువందలమంది పిల్లల జనన ధ్రువపత్రములు, బదిలీ పత్రములు వచ్చి చేరినవి. ఆగస్టులో పేజీలోని అక్షరదోషము నొకదానిని దిద్ది క్రొత్త మూటను ఎక్కించినాడు. డేటాబేసులో నాలుగువందల పేర్లు అట్లే ఉండును. పత్రము చూడబోయినచో ఒక్కటియు ఉండదు. రిజిస్టరు ఉన్నది, బీరువా లేదు. డాకరు పెట్టెలలో ప్రోగ్రాములు నడుపుచున్న ఈనాడును ఇదే కథ. వాల్యూము అను వేరు స్థలమును జతపరచక పెట్టెలోపలనే ఫైళ్లు వ్రాసినచో, పెట్టెను తీసివేసిననాడు అవియు పోవును.

బోధకుల పక్షమున చెప్పదగిన మాట ఒకటి కలదు. వ్యవధి తక్కువ, మొదట పని జరుగుట చూపింపవలెను, మెలకువలు ఉద్యోగములో నేర్చుకొందురని వారు అనవచ్చును. మొదట పని జరుగుట చూపవలెననుట న్యాయమే. కాని ఇచట కోరబడునది మెలకువ కాదు. నిల్వస్థలపు దారిని ప్రోగ్రాములో వ్రాయక, ప్రోగ్రామునకు వెలుపలనున్న అమరికల ఫైలులో ఒక్క పంక్తిగా వ్రాసి, ప్రోగ్రాము దానిని చదువునట్లు చేయుట పది నిమిషముల పని. ఆ పది నిమిషములు మిగిల్చుకొనుట పొదుపు అనిపించుకొనదు.

ప్రోగ్రాము ఫోల్డరులో నిల్వచేయుటవలన రెండవ కీడు కూడ కలదు. అచ్చటి ఫైళ్లను వెబ్ సర్వరు లోకమునకంతకు చూపును. కొన్ని రకముల ఫైళ్లను చూపుటయే కాక నడుపును. ఫోటో పంపుమన్నచోట దుర్మార్గుడు ఒక జె.ఎస్.పి. ఫైలునో పి.హెచ్.పి. ఫైలునో పంపినచో, అతని ప్రోగ్రాము మన సర్వరుపై నడచును. ఫైలు వ్రాయబడనప్పుడు అనుమతులను 777గా మార్చుమను చిట్కా యొకటి ప్రచారములో ఉన్నది. ఆ సర్వరులోని ఏ ప్రోగ్రామైనను, ఎవరైనను ఆ ఫోల్డరులో వ్రాయవచ్చునని దానికి అర్థము. తాళము పట్టలేదని తలుపునే ఊడబెరికినట్లు.

ఇక ఫైలు పేరు. పంపినవాని పేరుతోనే ఫైలును నిల్వచేయుట పాఠములో పరిపాటి. ఇద్దరు విద్యార్థులు ఒకే పేరుగల ఫోటోలను పంపినచో రెండవది మొదటిదానిని కప్పివేయును. తెలుగువారికి దీనితోపాటు వేరొక చిక్కు. లినక్సులో ఎక్కువగా వాడబడు ఎక్స్‌ట్-4 పద్ధతిలో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటరాదు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు సంకేతము ప్రతిదానికి 3 బైట్లు పట్టును. తెలుగు అను మాటలో మనము లెక్కించు అక్షరములు మూడు. కంప్యూటరు హల్లును, గుణింతపు గుర్తును వేరువేరుగా లెక్కించును గనుక దానికి సంకేతములు 6, బైట్లు 18. అనగా 85 సంకేతములు మించిన తెలుగు పేరు ఆ డిస్కుపై పట్టదు. ఒత్తులు, గుణింతములు కలిపి చూచినచో అది పొడుగుపాటి వాక్యమైనను కాదు. వెబ్ చిరునామాలో ఈ బైటు ఒక్కొక్కటి మూడేసి గుర్తులుగా మారును. ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షింపబడిన ప్రోగ్రామునకు, జిల్లా పరిషత్ పాఠశాల ఉపాధ్యాయుడు తెలుగులో పేరు పెట్టి పంపిన ఫైలు మొదటి అగ్నిపరీక్ష.

ఈ విషయములన్నిటిని ముందుగా ఆలోచించి కట్టిన ప్రోగ్రాము లేకపోలేదు. ఆస్ట్రేలియాలో మార్టిన్ డౌగియామాస్ ప్రారంభించిన మూడిల్ అను బోధనా ప్రోగ్రాము మొదటి రూపాంతరము 2002లో వెలువడినది. పాఠశాల ఏదైనను తన సర్వరుపై దానిని ఉచితముగా నిలుపుకొనవచ్చును. నిలుపునపుడే ఫైళ్లకొరకు వేరొక ఫోల్డరు ఏర్పరచుమని, అది వెబ్ సర్వరు చూపు ప్రదేశమునకు వెలుపల ఉండవలెనని అది అడుగును. 2010లో వచ్చిన రెండవ రూపాంతరమునుండి అచ్చట ఫైళ్లకు మనుష్యులు పెట్టిన పేర్లు ఉండవు. ఫైలులోని విషయమును గణించి 40 గుర్తుల ముద్ర నొకదానిని తయారుచేసి, ఆ ముద్రయే పేరుగా నిల్వచేయును. అసలు పేరు డేటాబేసులో ఉండును. నలుబదిమంది విద్యార్థులు ఒకే పటమును పంపినచో ముద్ర ఒకటే గనుక డిస్కుపై ఒక్క ప్రతియే ఉండును. ఈ ముద్రను గణించు ఎస్.హెచ్.ఎ.-1 పద్ధతిలో లోపము లేకపోలేదు. ఒకే ముద్రగల రెండు వేరు ఫైళ్లను కావలెనని తయారుచేయవచ్చునని 2017లో పరిశోధకులు చూపిరి. అయినను ఏర్పాటులోని వివేకము మెచ్చదగినది. అమీర్‌పేటలో అప్‌లోడు నేర్పువారు ఒక గంటసేపు మూడిల్ ఫోల్డరును తెరచి చూపినచో, నాలుగు పాఠముల ఫలము కలుగును.

ఫైళ్లను డేటాబేసులోనే ఉంచుట మరియొక మార్గము. సొంత సర్వరుపై నడుపుకొను రాకెట్ చాట్ అను సంభాషణ ప్రోగ్రాము, వేరుగా చెప్పనిచో, ఫైళ్లను మాంగో డేటాబేసులోని గ్రిడ్ ఎఫ్.ఎస్. అను భాగములో ఉంచును. మాంగోలో ఒక పత్రము 16 మెగాబైట్లు మించరాదు గనుక, ఫైలును 255 కిలోబైట్ల ముక్కలుగా కోసి దాచును. రిజిస్టరు, బీరువా ఒకేచోట ఉండుటచే ఒకటి మిగిలి ఒకటి పోవు ప్రమాదము తగ్గును. కాని వీడియోలతో డేటాబేసు ఉబ్బి, ప్రతులు తీయుట భారమగును. అప్పుడు అమరిక మార్చి ఫైళ్లను వేరు ఫోల్డరునకో, 2006లో అమెజాను ప్రారంభించిన ఎస్-3 వంటి అద్దె నిల్వకో పంపవచ్చును. ఆ అమరిక మార్చినంతనే పాత ఫైళ్లు వాటంతట అవి నడచి పోవు. క్రొత్తవి క్రొత్తచోట, పాతవి పాతచోట ఉండును. ఇది తెలియక పాత స్థలమును తుడిచినవాడు పాత ఫైళ్లనే తుడిచినవాడగును.

ఫైళ్ల ప్రతిని ఎంత దూరములో ఉంచవలెననునది పాఠమునకు మరింత దూరమైన ప్రశ్న. అమీర్‌పేట సర్వరులోని ఫైళ్లకు ప్రతి, మెట్రోలో తరువాతి స్టేషనైన పంజగుట్టలో ఉన్నదనుకొందము. దొంగతనమునకు, ఒక గదిలో పుట్టిన నిప్పునకు ఆ దూరము చాలును. 2020 అక్టోబరులో నగరమును ముంచెత్తిన వానవంటిది వచ్చినచో రెండును ఒకే మేఘము క్రింద ఉండును. అయినను ప్రతి లేకపోవుటకంటె పంజగుట్ట ఎంతో మేలు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్ నగరమున ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రములో బ్యాటరీలు అంటుకొని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకొను జి-డ్రైవు అను నిల్వ కాలిపోయినది. అందులోనివి 858 టెరాబైట్లు. పరిమాణము మరీ పెద్దదని దానికి వేరొకచోట ప్రతి ఉంచలేదు. సాంకేతిక విద్యలో అంతటి పేరున్న దేశమే ఆ ప్రశ్నను అడుగుట మరచినది.

ఉపాధ్యాయులు తరగతిలో చేయింపదగిన చిన్న ప్రయోగము ఒకటి కలదు. పి.హెచ్.పి. మొదట అనుమతించునది 2 మెగాబైట్ల ఫైలు, ఎన్‌జిన్‌ఎక్స్ 1 మెగాబైటు. ఈ హద్దులు తగిలినప్పుడు విద్యార్థి చేయునది హద్దును పెంచుట మాత్రమే. పెంచకముందు, డిస్కులో మిగిలిన జాగాను ఒక ఫైలు పరిమాణముచేత భాగించి, ఇట్టివి ఎన్ని పట్టునో పలకమీద వ్రాయింపవలెను. ఆ డిస్కుమీదనే డేటాబేసు కూడ ఉన్నదేమో చూడవలెను. పిమ్మట ఒక బొమ్మను అప్‌లోడుచేసి, ప్రోగ్రాములో ఒక్క అక్షరము మార్చి, మరల ఎక్కించి, బొమ్మ ఉన్నదో లేదో వెదకింపవలెను.