చూసినవాడికే లొంగే బాస్

హీరా టవర్ పై అంతస్తులో మోల్‌డార్మ్ కాపు కాస్తుంటుంది. పెద్ద పురుగు ఆకారం, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. దాని ఒళ్లు తగిలితే ఆటగాడు వెనక్కి తూలుతాడు. అంచు దాటితే కింది అంతస్తులో పడతాడు. మళ్లీ పైకెక్కి వచ్చేసరికి దాని గాయాలన్నీ మాయమై, పోరు మొదటికొస్తుంది. 1991లో నింటెండో సూపర్ ఫామికామ్ కోసం విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఎ లింక్ టు ది పాస్ట్’లో కొత్త ఆటగాళ్ల ఓపికకు గట్టి పరీక్ష పెట్టే ఘట్టమిది.

మోల్‌డార్మ్‌కు దెబ్బ తగిలేది తోక మీదే. దాన్ని తరుముతూ పోతే జారిపడటం ఖాయం. ఒకచోట నిలబడి, కత్తి బటన్ నొక్కిపట్టి, తోక దగ్గరికి రాగానే వదిలితే కత్తి చుట్టూ తిరిగి వేటు పడుతుంది. దెబ్బలు తిన్నకొద్దీ పురుగు వేగం పెంచుతుంది కాబట్టి, గెలుపు దగ్గరపడే కొద్దీ ఇంకా నిదానంగా ఆడాలి.

ఇలా దారికి అడ్డంగా నిలిచే బలమైన శత్రువునే ఆటగాళ్లు బాస్ అంటారు. తొంభైల్లో టీవీకి గేమ్ తగిలించుకుని మారియో ఆడిన తెలుగు పిల్లలకూ బాస్ కొత్త కాదు. 1985 నాటి ఆ ఆటలో నిప్పులు కక్కే బౌజర్‌ను దాటి వెళ్లి, వంతెన చివరి గొడ్డలిని తాకితే చాలు, వంతెన కూలి అతను లావాలో పడేవాడు. ఆ మారియోను మలిచిన షిగేరు మియామోటో, తకాషి తెజుకాలే 1986లో తొలి జెల్డానూ తీర్చిదిద్దారు. అందులో డొడోంగో అనే జంతువుకు కత్తి వేటుతో పనిలేదు, బాంబులు మింగించాలి. గోమా అనే శత్రువు కన్ను తెరిచినప్పుడే బాణం వేయాలి. చివరి శత్రువు గానన్‌ను అంతం చేయాలంటే వెండి బాణం ఉండాల్సిందే.

తర్వాతి ఆటల్లో ఈ పద్ధతి ఇంకా పదునెక్కింది. ఏ కోటలో ఏ వస్తువు దొరుకుతుందో, అక్కడి బాస్‌కు చాలాసార్లు అదే విరుగుడు. ‘ఎ లింక్ టు ది పాస్ట్’లోని చీకటి కోటలో దొరికే సుత్తితో హెల్మసార్ రాజు ముసుగు పగలగొట్టవచ్చు. బాస్ దగ్గరికి చేరేలోపు పలుచోట్ల ఆ సుత్తిని వాడించి, ఆట ముందే సాధన చేయించేస్తుంది.

అదే ఆటలో మాంత్రికుడు అగహ్నిమ్‌తో పోరు చూడండి. అతని ఒంటికి కత్తి పనిచేయదు. అతను విసిరే ఒంటి గోళాన్ని కత్తితో కొట్టి అతని మీదికే తిప్పాలి. అయితే కొన్నిసార్లు చిన్న గోళాల గుత్తి వస్తుంది. దాన్ని కొడితే చెల్లాచెదురై ఆటగాడికే తగులుతాయి. గది పైభాగం మధ్యకు చేరి నిలబడితే మెరుపు దించబోతున్నాడని అర్థం, వెంటనే పక్కకు తప్పుకోవాలి. బౌలర్ మణికట్టును బట్టి బంతిని పసిగట్టే బ్యాట్స్‌మన్ చేసే పనే ఇక్కడ ఆటగాడిదీ. పురుగులు పట్టే వలతోనూ ఆ గోళాన్ని తిప్పికొట్టవచ్చని కనిపెట్టినవారి ఆనందం ఇంతా అంతా కాదు!

1998లో నింటెండో 64కు వచ్చిన ‘ఆకరీనా ఆఫ్ టైమ్’ ఈ విద్యను త్రీడీలోకి తెచ్చింది. అటవీ ఆలయంలో ఫాంటమ్ గానన్ గోడల మీది చిత్రపటాల లోపల గుర్రం మీద వస్తాడు. ఒకేసారి రెండు పటాల్లో కనిపిస్తాడు. ఒకడు దగ్గరిదాకా వచ్చి గుర్రాన్ని వెనక్కి తిప్పుతాడు, రెండోవాడు బయటికి దూకుతాడు. ఆ తేడా పట్టుకుని, దూకేవాడి మీద బాణం వదలాలి. గుర్రం దిగాక గోళాల మార్పిడి మొదలవుతుంది. ఆటగాడు తిప్పికొట్టినదాన్ని అతనూ తిప్పికొడతాడు. ఎవరు ముందు తడబడితే వారికే దెబ్బ.

శత్రువు మీదే చూపు నిలిపి ఉంచే జెడ్ బటన్ ఏర్పాటు ఈ ఆటతోనే వచ్చింది. దాని పుట్టుక వెనుక క్యోటోలోని తోయెయ్ స్టూడియో పార్క్ ఉంది. ఆట రూపకర్తలు కొందరు అక్కడ చూసిన నింజా ప్రదర్శనలో, గొలుసు కట్టిన కొడవలితో ప్రత్యర్థి చుట్టూ తిరుగుతూ పోరాడే తీరు వారికి దారి చూపింది.

ఆట చివర్లో గానన్ మొదట చేసే పని, ఆటగాడి కత్తిని మంటల వలయం అవతలికి ఎగరగొట్టడం. అప్పుడు అక్కరకొచ్చేది అంతవరకూ అలవడ్డ చూపే. బలహీనత ఇక్కడా తోకలోనే ఉంది!

ఇంత కఠినమైన పోరులోనూ అన్యాయం కనిపించదు. దెబ్బకు ముందు సైగ ఉంటుంది, దెబ్బ తర్వాత సందు ఉంటుంది. ఓడిన ప్రతిసారీ ఆటగాడికి ఒక కొత్త సంగతి తెలుస్తుంది. సీసాలో ఫెయిరీని (బుల్లి దేవకన్యను) పట్టుకుని వెళితే, ప్రాణం పోయినా అది బతికిస్తుంది. అందుకే పాత ఆటగాళ్లు ఖాళీ సీసాలతో బాస్ గది తలుపు తెరవరు.

‘ఎ లింక్ టు ది పాస్ట్’, ‘ఆకరీనా ఆఫ్ టైమ్’ రెండూ ఇప్పుడు నింటెండో స్విచ్‌లో చందాదారులకు దొరుకుతున్నాయి. ఆడబోయేవారికి ఒక్క మనవి: బాస్ ఎదురుపడగానే యూట్యూబ్‌లో కిటుకు వెతక్కండి. మొదటి రెండు ఓటములను చూడటానికే కేటాయించండి. అతను ఎటు కదులుతున్నాడో, ఎప్పుడు ఆగుతున్నాడో గమనించి, మూడోసారి కత్తి తీయండి.