అలకకూ ఒక రోజు

పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. అందులో ఆరో రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. ఆ రోజు పేరే అలిగిన బతుకమ్మ. ఎందుకలిగిందో పెద్దవాళ్లు కథలు చెబుతారు గానీ, నాకు కథకంటే ఆ ఖాళీ రోజే ఇష్టం. మర్నాడు అలక తీరిందా అని ఎవరూ అడగరు. బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు, పిల్లల్ని మళ్లీ పూలకు తోలుతారు. ఈ పండుగను కూర్చినవాళ్లు పిల్లల్ని బాగా ఎరిగినవాళ్లయి ఉండాలి.

పెద్ద బతుకమ్మను అమ్మ, చిన్నమ్మలు పేరుస్తుంటే పక్కన పిల్ల బతుకమ్మ మా వంతు. సిబ్బిలో గుమ్మడాకులు పరచాలి. గునుగు కాడల్ని సమంగా కోసి, కట్టలు కట్టి, రంగులో ముంచి ఆరబెట్టాలి. తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, బంతి ఒక వరస. పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గాలి. నడుమ ఖాళీని ఆకులతో, తెగిన కాడలతో గట్టిగా కూరాలి. బయటికి కనిపించని ఈ కూరుడు దగ్గరే పిల్లలు తొందరపడతారు. బతుకమ్మ ఒరుగుతుంది, ఏడుపు మొదలవుతుంది.

“గట్ల ఏడిస్తె నిలబడ్తదా బిడ్డా, ఇప్పేసి మల్ల పేర్సు” అనేది నాయనమ్మ. తాను మాత్రం ముట్టేది కాదు. ఎంత రాతిగుండె అనుకునేవాళ్లం!

అసలు ఏడుపు చెరువు కాడ. పొద్దంతా పేర్చినదాన్ని ఆట కాగానే నీళ్లలో వదలమంటారు. ‘ఒక్క రోజు ఉంచుకుంటా’ అని బేరమాడని పిల్ల ఉండదు. ఉంచుకున్నా తెల్లారేసరికి తంగేడు వాడిపోతుంది. అదెవరూ విడమర్చి చెప్పరు. పూలను నీళ్లకిచ్చి, ఖాళీ సిబ్బి కడిగి చేతికిస్తారు. సద్దుల నాడైతే రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి పిసికిన మలీద ముద్ద కూడా. నోరు నిండాక వాదన ఎక్కడ సాగుతుంది?

ఇప్పుడు ప్లాస్టిక్ పూల బతుకమ్మలు వచ్చాయి. ఏటేటా దుమ్ము దులిపి వాడుకోవచ్చు. తంగేడు దొరకని దేశాల్లో ఉన్నవాళ్లను తప్పుపట్టలేను. చెలకలన్నీ ప్లాట్లయిన మన నగరాల్లోనూ కష్టమే. కానీ ప్లాస్టిక్ బతుకమ్మ ఒరగదు, వాడిపోదు, పిల్లకు ఏ పనీ పెట్టదు. నన్నడిగితే, బాల్కనీ కుండీలో పూసిన నాలుగు బంతిపూలతోనైనా పిల్లచేతే పేర్పించి, బకెట్ నీళ్లలోనైనా వదిలించమంటాను. మలీద మాత్రం మరవొద్దు.