కంప్యూటరు తలుపు తీసే చిన్న ప్రోగ్రాములు

తొమ్మిదో తరగతి పిల్లలు నలభైమంది, కంప్యూటర్లు ఇరవై, పీరియడు నలభై అయిదు నిమిషాలు. ఈ లెక్క మన పల్నాటి ఉపాధ్యాయులకు కొత్త కాదు. పిల్లలు వచ్చి కూర్చుంటారు. తెర మీద పేరు, దాని క్రింద పాస్‌వర్డు కోసం ఒక ఖాళీ గడి. ఒకడు పెద్ద అక్షరం నొక్కవలసిన చోట చిన్న అక్షరం నొక్కుతాడు. వెనుకటి తరగతివారు కీబోర్డును తెలుగులో ఉంచి వెళ్ళిపోతే, కనిపించేవి చుక్కలే కాబట్టి, తప్పెక్కడ జరిగిందో ఇంకొకడికి అంతుపట్టదు. ఈలోగా కరెంటు ఒక్క క్షణం పోయి వస్తుంది. అందరికీ మళ్ళీ మొదలు. ఇట్లా ఎనిమిది నిమిషాలు గడిచినవంటే పీరియడులో ఆరోవంతుకు మించి గుమ్మం దగ్గరే ఖర్చయినదన్నమాట.

ఈ బాధకు మందుగా కొన్ని చిన్న ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతున్నవి. ఒకసారి వాటికి పాస్‌వర్డు చెప్పి ఉంచితే, యంత్రం మొదలుకాగానే అవే ఆ పాస్‌వర్డును అందించి మనలను లోపలికి పంపుతవి. నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు మొదలు పాఠశాలలోని కంప్యూటరు మాస్టారి వరకు, వీటి సంగతి తెలిసినవారు చాలమంది ఉన్నారు. వీటిని మెచ్చుకొనేవారేగాని విమర్శించి చూసినవారు నాకు అంతగా తటస్థపడలేదు. ఆ పని ఇక్కడ చేయదలచాను.

వీటిలో బాగా పేరున్నది ఆటోలాగాన్. 1996లో మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు ప్రారంభించిన సిస్‌ఇంటర్నల్స్ సంపుటిలోనిది ఇది. 2006లో మైక్రోసాఫ్టు సంస్థ వారి వ్యాపారాన్ని కొనివేసినా, సంపుటిని ఉచితంగానే ఇస్తూ వచ్చింది. ఆటోలాగాన్ రూపం చూస్తే ముచ్చట వేస్తుంది. మూడు గడులు, రెండు బొత్తాలు, అంతే. పేరు, డొమైను, పాస్‌వర్డు వ్రాసి ఒక బొత్తాం నొక్కితే పని మొదలు, రెండవది నొక్కితే రద్దు. ఇంత చిన్న సాధనం ఇంత శుభ్రంగా ఒకే పని చేయడం మెచ్చుకోదగినదే. ఒక లోపం మాత్రం వెంటనే కనిపిస్తుంది. మనం వ్రాసిన పాస్‌వర్డు సరియైనదా కాదా అని అది పరీక్షించదు. తప్పు వ్రాసినా మారుమాటాడక పుచ్చుకొంటుంది. మరునాడు యంత్రం తెరవబోయినప్పుడుగాని ఆ సంగతి బయటపడదు.

అసలు ప్రశ్న వేరు. యంత్రం మన తరఫున పాస్‌వర్డు చెప్పాలంటే, దానిని ఎక్కడో ఒకచోట వ్రాసి పెట్టుకోవాలి గదా! ఎక్కడ, ఏ రూపంలో?

విండోసులో రిజిస్ట్రీ అనే చిట్టా ఒకటి ఉన్నది. యంత్రం నడవడికకు సంబంధించిన వివరాలన్నీ అందులో ఉంటవి. ప్రోగ్రాము ఏదీ లేకుండా, ఆ చిట్టాలో విన్‌లాగాన్ అనే శీర్షిక క్రింద మూడు పంక్తులు చేతితో చేర్చి కూడ ఇదే ఫలితం పొందవచ్చు. చాలమంది చేసేది ఈ పనే. ఆ మూడు పంక్తులలో ఒకటి పాస్‌వర్డు. అది ఏ మరుగూ లేకుండా, ఉన్నదున్నట్టుగా, ఎవరు తెరిచినా చదువుకొనేటట్టుగా ఉంటుంది. ఆటోలాగాన్ ఇంతకంటె నయం. పాస్‌వర్డును గూఢలిపిలోకి మార్చి, సామాన్య ఖాతాదారులు చూడలేని చోట దాస్తుంది. విండోసులోనే ఉన్న నెట్‌ప్లివిజ్ అనే ఏర్పాటు చేసేదీ ఇదే. అయితే యంత్రం మీద పూర్తి అధికారం ఉన్నవారు ఆ గూఢలిపిని సులభంగా విప్పగలరు. ఇది నా ఊహ కాదు, ఆటోలాగాన్‌తోపాటు మైక్రోసాఫ్టువారే ఇచ్చిన హెచ్చరిక. మన పాఠశాలల్లో పిల్లలకిచ్చే ఖాతాలు కూడ పూర్తి అధికారం కలవే అయినచోట్ల, గూఢలిపి ఉన్నా లేకున్నా ఒకటే.

ఈ భేదం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. కొన్నేళ్ళ క్రిందట మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని కంప్యూటరుకు, కరెంటు పోయినప్పుడల్లా విసుగెత్తి, చేతితో ఆ మూడు పంక్తులు నేనే చేర్చాను. ఖాతా నాది. పాస్‌వర్డు నా ఉత్తరాలకు, మార్కులు ఎక్కించే చోటికి కూడ అదే. ఒకనాటి ఉదయం తెర మీద ఒక కొత్త ఫైలు కనిపించింది. తెరిచి చూస్తే, "సార్, మీ పాస్‌వర్డు ఎవరైనా చదవవచ్చు" అని ఉన్నది; దాని క్రింద నా పాస్‌వర్డు. వ్రాసిన విద్యార్థి అడగకుండానే ఒప్పుకొన్నాడు. మిత్రులు కొందరు దీనిని దొంగతనమన్నారు, అతనిని కొంతకాలం తరగతికి రానీయరాదన్నారు. తాళంచెవి గుమ్మానికి వేలాడగట్టినవాడిని నేనైతే, అది చూపించినవాడికి శిక్ష ఏమిటని నేను వాదించాను. మందలింపుతో సరిపోయింది. ఆ రాత్రి పాస్‌వర్డులన్నీ మార్చుకొని, రెండు తరగతుల మార్కులను కాగితాలతో ఒక్కొక్కటిగా సరిచూసేసరికి తెల్లవారింది. ఒక్క అంకె కూడ మారలేదు. మారలేదని తెలుసుకోవటానికి ఒక రాత్రి పట్టింది.

ఇటువంటి కథ కంప్యూటర్ల చరిత్రలో మొదటినుంచీ ఉన్నదే. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో బృందం, ఒకే యంత్రాన్ని చాలమంది పంచుకొనే విధానాన్ని 1961లో ప్రదర్శించింది. ఎవరి ఫైళ్ళు వారికి, ఎవరి కాలం వారికి దక్కేటందుకు ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు ఏర్పాటు చేశారు. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటల యంత్రకాలం ఇచ్చారు. అది చాలక, 1962లో అతడు పాస్‌వర్డుల ఫైలును అచ్చువేయమని యంత్రానికే కోరిక పెట్టి, వచ్చిన కాగితం తీసుకొని పోయి ఇతరుల కాలం వాడుకొన్నాడు. ఫైలు గూఢలిపిలో లేదు గనుక అచ్చయినది తేటగా చదువుకోగలిగాడు. తరువాత పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచరాదనే నియమం స్థిరపడింది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ వ్రాసిన పత్రం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. చేతితో చేర్చే ఆ మూడు పంక్తులు మనలను తిరిగి 1962కు తీసుకొనిపోతున్నవి.

ఇంకొక సంగతి ఆలోచించవలసి ఉన్నది. పాస్‌వర్డు తలుపు తీయటానికి మాత్రమేనని మనమనుకొంటాము. విండోసులో వాడుకరి దాచుకొన్న ఇతర రహస్యాలకు వేసే తాళాలు కూడ ఆ పాస్‌వర్డు ఆధారంగానే తయారవుతవి. కాబట్టి ప్రోగ్రాము మన పాస్‌వర్డు అందించి తలుపు తెరిచినప్పుడు లోపలి పెట్టెలు కూడ తెరుచుకొంటవి. బ్రౌజరులో భద్రపరచిన పాస్‌వర్డులు, ఎవరు వచ్చి కూర్చున్నా, వాటంతట అవే గడులలో పడతవి. గ్నూ/లినక్సులో పద్ధతి వేరు. అక్కడ తనంత తాను లోపలికి పోయే ఏర్పాటుకు పాస్‌వర్డు దాచనక్కరలేదు. ఫలానా ఖాతా తెరవమని ఒక పంక్తి వ్రాస్తే చాలు. కాని పాస్‌వర్డు ఎవరూ చెప్పలేదు గనుక లోపలి పెట్టె మూసే ఉంటుంది. దానిలోని వస్తువు కావలసి వచ్చినప్పుడు "తాళం తెరవండి" అని అడుగుతుంది. దీనిని తప్పు పనిచేస్తున్నదని చాలమంది విసుక్కొంటారు. నిజానికి అది సరిగా పనిచేయటమే.

రెండవ తెగ ఉచిత సాధనాలు పాస్‌వర్డుల భోషాణాలు. పాస్‌వర్డులన్నీ ఒక ఫైలులో ఉంచి, ఆ ఫైలుకు ఒక్క పెద్ద పాస్‌వర్డు పెట్టడం వీటి పద్ధతి. బ్రూస్ ష్నైయర్ 1997లో వెలువరించిన పాస్‌వర్డ్ సేఫ్, డొమినిక్ రైషల్ 2003లో మొదలుపెట్టిన కీపాస్ ఈ తెగలోనివి. ఇవి విండోసు మొదటి తలుపును తీయలేవు, ఎందుకంటే అవే తలుపు లోపల ఉన్నవి. లోపలికి వెళ్ళిన తరువాత పది చోట్ల పది పాస్‌వర్డులు చెప్పే శ్రమను మాత్రం తప్పిస్తవి. కీపాస్ ప్రోగ్రాము రచన అంతా బహిరంగం; ఎవరైనా చదివి తప్పులు పట్టవచ్చు. 2023లో ఒకరు అట్లాగే పట్టారు. పెద్ద పాస్‌వర్డు ముక్కలు యంత్రం జ్ఞాపకంలో మిగిలిపోతున్నవని తేలగా, 2.54 ప్రతిలో సరిదిద్దారు. కీపాస్ పట్ల నా గౌరవం ఇందువల్ల పెరిగిందేగాని తగ్గలేదు.

ఉచితమనగానే ఎక్కడనుంచైనా దింపుకొనే అలవాటు మనలో ఉన్నది. అసలు ప్రమాదం అక్కడ. కీపాస్ పేరుతో, కీపాస్ రూపంతో, పాస్‌వర్డులు దొంగిలించే నకిలీ ప్రోగ్రామును ప్రకటనల ద్వారా వ్యాపింపజేసిన సంగతి 2025లో బయటపడింది. ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చి ఇచ్చిన ప్రతిని, వెతుకులాటలో మొదట కనిపించిన ప్రకటనను నమ్మరాదు.

ఇక ఆ పెద్ద పాస్‌వర్డు మాట. మా ప్రాంతంలో పాస్‌వర్డు పెట్టుకోమనగానే కోటప్పకొండో, మాచర్ల చెన్నకేశవుడో, బాలచంద్రుడో మనసులోకి వస్తారు. వెనుక 123 చేరుస్తారు. ఊహించేవాడు కూడ ఈ ఊరివాడే! లేదా పుట్టినతేదీ పెడతారు. అరవై ఏళ్ళలో ఉన్న తేదీలు సుమారు 21,900. సెకనుకొకటి చొప్పున ప్రయత్నించినా దాదాపు ఆరు గంటల పని. దీనికి మారుగా 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ చెప్పిన పాచికల పద్ధతి చూడండి. పాచికను అయిదుసార్లు వేస్తే 6 × 6 × 6 × 6 × 6, అనగా 7,776 విధాలుగా పడవచ్చు. ఒక్కొక్క విధానికి ఒక్కొక్క మాట చొప్పున పట్టిక ఉంచుకొని, పాచిక చెప్పిన అయిదు మాటలు వరుసగా తీసుకోవాలి. అప్పుడు అవకాశాలు 28 తరువాత పద్దెనిమిది సున్నలంత. సెకనుకు వంద కోట్లు ప్రయత్నించే యంత్రమైనా అన్నీ చూసేసరికి సుమారు తొమ్మిది వందల ఏళ్ళు పడుతుంది. మాటలను మనం ఎంచరాదు, పాచికే ఎంచాలి. ఆ పట్టికను తెలుగు మాటలతో విద్యార్థుల చేత తయారు చేయిస్తే సంభావ్యత పాఠం కూడ నడుస్తుంది.

మళ్ళీ ఆ ఇరవై కంప్యూటర్ల గదికి వస్తాను. అక్కడ విద్యార్థుల ఖాతాలో దాచవలసినది ఏమీ లేకపోతే, దానికి పాస్‌వర్డు దేనికి? తక్కువ అధికారం గల స్థానిక ఖాతా ఒకటి తెరిచి పాస్‌వర్డు ఖాళీగా వదిలితే, పేరు మీద నొక్కగానే లోపలికి పోవచ్చు. ఏ ప్రోగ్రామూ అక్కరలేదు, దాచిన రహస్యమూ లేదు. పాస్‌వర్డు లేని ఖాతాతో నెట్‌వర్కు ద్వారా దూరం నుంచి ప్రవేశించటాన్ని విండోసు సహజంగానే నిరాకరిస్తుంది. ఆ ఒక్క నొక్కు కూడ వద్దనుకొంటే, ఈ ఖాతాకే ఆటోలాగాన్ పెట్టవచ్చు.

ప్రధానోపాధ్యాయుల బల్ల మీది యంత్రం సంగతి ఇది కాదు. యూడైస్ ప్లస్‌లో నింపే పిల్లల వివరాలు, మార్కులు, జీతాల కాగితాలు అందులో ఉంటవి. దానికి ఏ ఆటోలాగానూ పెట్టరాదు. రోజూ పొడుగు పాస్‌వర్డు కొట్టలేమంటే విండోసులోని పిన్ను వాడుకోవచ్చు. ఆ అంకెలు ఆ ఒక్క యంత్రంలోనే చెల్లుతవి గనుక, తెలుసుకొన్నవాడికి మరొకచోట పనికిరావు.

విద్యార్థుల గదిలో ఆటోలాగాన్ పెట్టిన యంత్రం మీద ఉపాధ్యాయుడు తన ఖాతా తెరవవలసి వస్తే, యంత్రం మొదలయ్యేటప్పుడు షిఫ్టు మీటను నొక్కిపట్టాలి. ఆ ఒక్కసారికి ఆటోలాగాన్ ప్రక్కకు తప్పుకొని, ఎవరు మీరని పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది.