నానార్థములు గల యొక మాట

ఇంగ్లీషున ‘సెట్’ అను మూడక్షరముల మాట యొకటి కలదు. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1989 నాటి రెండవ కూర్పున ఈ క్రియకు 430కి మించి అర్థములు చూపినది. తరువాతి సంస్కరణమున ‘రన్’ దీనిని దాటినది గాని, బడిపిల్లలను బాధించుటలో మా యెఱుకలో ఇదియే మొదటిది.

మా తరగతిలో ఒక బాలుడు ‘ది సన్ సెట్స్’ అనుదానిని ‘సూర్యుడు ఉంచును’ అని తెనిగించెను. సున్న వేసితిమి. తరగతి యెల్ల నవ్వినది, మేమును నవ్వితిమి. ఆ బాలుడు నెలదినములు నోరు విప్పలేదు. పిమ్మట వాని పుస్తకము తిరుగవేయుచుండ, మేము వ్రాయించిన పదపట్టికలోనే ‘సెట్ - ఉంచుట’ అని కంటబడెను.

ఈ మాట ‘సిట్’ అను క్రియకు ప్రేరణరూపము. కూర్చుండబెట్టుట తొలి యర్థము. సంస్కృతమున ‘సద్’ ధాతువును, మన ‘సదస్సు’ను దీనికి జ్ఞాతులే. వైద్యుడు విఱిగిన యెముకను సరిచేసినను, గడియారము దిద్దినను, సిమెంటు గట్టిపడినను, సూర్యుడు క్రుంకినను ఇదే క్రియ. ‘టీ సెట్టు’లోని నామము మాత్రము వేఱు, అది లాటిను ‘సెక్టా’ నుండి ఫ్రెంచి మీదుగా వచ్చి దీనితో కలిసిపోయినది.

ఇందు వింత లేదు. మన ‘పెట్టు’ను చూడుడు. తల్లి అన్నము పెట్టును, పురోహితుడు ముహూర్తము పెట్టును, కోడి గ్రుడ్డు పెట్టును, గిట్టనివాడు చిచ్చు పెట్టును. వీనియందు చిన్నబిడ్డయు తడబడదు. ఆ బిడ్డకు పట్టిక వ్రాసి యిచ్చినవారెవ్వరు? అన్నముతోడను గ్రుడ్డుతోడను కలిపియే ఆ మాటను వినినది. సంసర్గము, ప్రకరణము మున్నగునవి నానార్థపదములకు అర్థనిర్ణాయకములని భర్తృహరి వాక్యపదీయమున ఏనాడో చెప్పెను. భోజనవేళ సైంధవము తెమ్మన్న ఉప్పు, ప్రయాణవేళ గుఱ్ఱము. ఇది వల్లించిన మేమే ఇంగ్లీషు గంటలో మఱచితిమి! నేడు మన యిండ్లలో ‘సంబంధము సెట్టయినది’ అనువారు ఏ నిఘంటువు చూచి యనుచున్నారు?

ఇంట బిడ్డలను చదివించు తల్లిదండ్రులారా, మాటను వాక్యముతో నేర్పుడు, ఒంటరిగా నేర్పకుడు.

మఱునాడు పట్టికను కొట్టివేయించి, ‘పెట్టు’తో తలకొక వాక్యము చెప్పుడంటిమి. అందఱికంటె ముందు లేచినవాడు ఆ బాలుడే. ‘మాస్టారుగారు నాకు సున్న పెట్టినారండి’ అనెను.