భిలాయిలో తేలిన బీర్‌గావ్

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక బూడిదరంగు పెట్టె. రాయపూర్‌ని ఆనుకుని ఉన్న బీర్‌గావ్ నుంచి మా అక్క కొడుకు ఫోన్లో పంపాడు. ‘‘మావయ్యా, మ్యాప్ రావట్లేదు. ఎడమ మూల ఒక్క ముక్క వచ్చింది, మిగతాదంతా బూడిదే. ఎర్రర్ కూడా చూపించట్లేదు’’ అని కింద రాశాడు. ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల పొరుగున, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల గాలి పీల్చుకుంటూ బతికే ఊరది. అక్కడి కుర్రాళ్ళు కొందరు తలా ఇంత వేసుకుని, తెలిసినవాళ్ళ మేడల మీద దుమ్ము కొలిచే చిన్న పరికరాలు బిగించారు. ఏ వార్డులో ఎంత, ఏ వేళకి ఎంత అన్నది మ్యాపు మీదా గ్రాఫుల్లోనూ చూపించాలని వాళ్ళ పట్టుదల. మా అక్కకి ఆ లెక్కలేవీ అక్కర్లేదు. మేడ మీద ఆరేసిన తెల్ల పంచెని వేలితో రాసి, ఆ వేలు చూపిస్తుంది.

వెబ్ పేజీలో మ్యాపులు పరిచే లీఫ్‌లెట్ వాడినవాళ్ళకి ఈ బూడిద పరిచయమే. వొలొదిమిర్ అగాఫోంకిన్ 2011లో విడుదల చేసిన ఈ లైబ్రరీ చాలా తేలిక, జావాస్క్రిప్ట్ భాగం సుమారు 42 కిలోబైట్లే. అది పని మొదలెట్టగానే తనకిచ్చిన పెట్టె పొడవు వెడల్పులు కొలుచుకుంటుంది. ఆ సమయానికి ఆ పెట్టె ఇంకా తెరవని ట్యాబ్ వెనక దాగి ఉంటే కొలత సున్నా వస్తుంది. తర్వాత ట్యాబ్ తెరిచినా దానికి కబురందదు, పాత కొలతకి సరిపడా ముక్కలే తెచ్చుకుని ఊరుకుంటుంది. ట్యాబ్ తెరిచాక ఇన్వాలిడేట్‌సైజ్ అని ఒక్కసారి పిలిస్తే మళ్ళీ కొలుచుకుని ఊరంతా పరుస్తుంది. అసలు పెట్టెకి ఎత్తే ఇవ్వకపోతే బూడిద కూడా ఉండదు, ఏమీ కనపడదు. లీఫ్‌లెట్ స్టైల్‌షీట్ జతచేయడం మరిచిపోతే మ్యాపు ముక్కలు పేజీ అంతా చెల్లాచెదురవుతాయి. పేజీని భాగాలుగా కట్టే రియాక్ట్ 18 తయారీ దశలో, స్ట్రిక్ట్ మోడ్‌లో, ప్రతి భాగాన్నీ ఒకసారి తగిలించి, ఊడదీసి, మళ్ళీ తగిలిస్తుంది. ఊడదీసేటప్పుడు మ్యాపుని తొలగించకపోతే ‘ఈ పెట్టెలో మ్యాపు ఇదివరకే ఉంది’ అని లీఫ్‌లెట్ మొరాయిస్తుంది. గ్రాఫులు గీసే చార్ట్.జేఎస్‌ది కూడా అదే పేచీ. పలక తుడవకుండా రెండో లెక్క వేయనంటుంది, పాత చార్టుని డెస్ట్రాయ్ చేయాల్సిందే.

ఇదంతా వాడికి ఫోన్లో చెబుతూనే ఈ వారం ఏం రాయాలో ఖాయం చేసుకున్నాను. ఈ లైబ్రరీలు రాసేవాళ్ళకి వాడుకునేవాళ్ళ మీద కాస్త దయ ఉండాలని, కొలత దొరక్కపోతే ఏదో ఒక కొలత ఊహించుకుని, అంకె రావాల్సిన చోట మాట వస్తే సర్దుకుని, ఎలాగోలా ఒక బొమ్మ గీసి చూపించాలని రాద్దామనుకున్నాను. ఖాళీ పెట్టె ముందు కూర్చున్న కొత్తవాడి నిస్సహాయత నాకు కొత్తేమీ కాదు. దాని గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకి తెలుసు.

మర్నాడు ఊరు కనిపించింది గానీ పరికరాల చుక్కలు మాయం. ‘‘దూరం జరిగి చూడరా’’ అన్నాను. ప్రపంచమంతా కనపడేదాకా జూమ్ తగ్గిస్తే చుక్కలన్నీ నార్వేకి పైన, స్వాల్‌బార్డ్ దీవులు కూడా దాటి, ఉత్తర ధ్రువ సముద్రంలో గుమిగూడి ఉన్నాయి. బీర్‌గావ్ సుమారు 21.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.63 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. లీఫ్‌లెట్‌కి ముందు అక్షాంశం చెప్పాలి. స్థానాలు దాచే ఫైలు పద్ధతి జియోజేసన్‌కి ముందు రేఖాంశం చెప్పాలి, 2016 నాటి ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 7946 అలాగే రాసింది. నావికుల అలవాటు ఒకటి, గ్రాఫు గీసేవాళ్ళ అలవాటు ఇంకొకటి. ఈ రెండిటి మధ్య అంకెలు తారుమారైతే బీర్‌గావ్ మంచుసముద్రంలో పడుతుంది. మన హైదరాబాదుకైతే నేల దొరుకుతుంది, స్పిట్స్‌బెర్గెన్ దీవిలో హిమానీనదాల మధ్య. అంకెలు ఎక్కించడమే మరిస్తే అన్నీ సున్నా, సున్నా దగ్గరకి, అంటే ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలోకి పోతాయి. ఇంత దూరం పోయిన చుక్కని పట్టుకోవడం నిమిషాల పని. బీర్‌గావ్ నగర నిగమ్‌లో 40 వార్డులున్నాయి. వాటి హద్దుల్ని డీ3 అనే లైబ్రరీతో గీసేటప్పుడు బిందువుల వరుస తిరగబడితే ఆ వార్డుని వదిలేసి మిగతా భూగోళమంతా రంగు పూసేస్తుంది. అదీ అంతే, గుడ్డివాడికైనా తెలిసే తప్పు.

మూడోరోజు పంపిన మ్యాపు ముచ్చటగా ఉంది. చుక్కలు నేల మీదే, ఛత్తీస్‌గఢ్‌లోనే, ఒక ఉక్కు ఊరి మీదే ఉన్నాయి. పక్కన పేజీలో వాటి రీడింగులు. కుర్రాళ్ళందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. తప్పు పట్టింది మా అక్క. వాడి భుజం మీంచి ఫోన్లోకి తొంగి చూసి, ‘‘ఇదేంట్రా, మీ పెదనాన్న డ్యూటీకెళ్ళే గేటు కదూ!’’ అంది. వాళ్ళ పెదనాన్న పనిచేసింది భిలాయి ఉక్కు కర్మాగారంలో.

ఎలా జరిగిందో చూడండి. పరికరాలు బిగించిన కుర్రాళ్ళలో ఒకడు స్థానాలని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో రాసుకున్నాడు. 21 డిగ్రీల 18 నిమిషాలు, 81 డిగ్రీల 38 నిమిషాలు, ఆ పైన సెకన్లు. అది కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు నిమిషాలు దశాంశాలైపోయి 21.18, 81.38 అయ్యాయి. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 18 నిమిషాలంటే 0.30 డిగ్రీ, 38 నిమిషాలంటే 0.63 డిగ్రీ. ఆ తేడాకి ఊరు దాదాపు 30 కిలోమీటర్లు నైరుతికి జరిగింది. అక్కడున్నది అడవో చెరువో అయితే ఎవరికైనా అనుమానం వచ్చేది. అక్కడున్నది 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయి. చుక్కల మధ్య ఎడం కుంచించుకుపోయినా ఏది ఏ దిక్కున ఉండాలో ఆ దిక్కునే ఉంది. పైగా 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో రాయపూర్‌తో పాటు భిలాయి పేరూ ఉంది. అక్కడ దుమ్ము రీడింగులు చూస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. ఇలాంటి దాన్ని పట్టుకోవడానికి రాష్ట్రమంతటి జాబితాలో ఒక దారుంది. దశాంశ బిందువు తర్వాతి రెండంకెలు ఎక్కడా 59 దాటకపోతే అవి నిమిషాలే. ఒక్క ఊరి జాబితాలో ఇది పనిచేయదు. అక్కడ ప్రతి చుక్కా ఊరి హద్దులో పడుతోందా అని ప్రోగ్రాం చేతే అడిగించాలి, పడకపోతే గీయకుండా ఆగిపోమనాలి.

చుక్కలు ఇల్లు చేరాక గ్రాఫుల వంతు వచ్చింది. పరికరాలు కొన్ని గంటలు మూగబోతాయి. కరెంటు పోతుంది, వైఫై పోతుంది. ఆ రీడింగు రాని గంటల గురించి మాట్లాడుకుంటుంటే మా చిన్నాన్న గుర్తొచ్చాడు. పోస్టుకార్డు మీద నెల ఖర్చంతా పట్టించే చిన్నాన్నగా ఈ కాలమ్‌లో ఆయన మీకు తెలుసు. ఆయన ఉద్యోగం సంగతి ఎప్పుడూ చెప్పినట్టు లేదు.

వాల్తేరు డివిజన్ కంట్రోల్ ఆఫీసులో ఆయన సెక్షన్ కంట్రోలర్. విజయనగరం నుంచి రాయగడ వైపు వెళ్ళే లైను ఆయన బల్ల మీద ఉండేది. మా అక్క అత్తవారిని బొబ్బిలి నుంచి రాయపూర్ చేర్చింది కూడా ఆ లైనే. అంతకుముందు పార్వతీపురం దాకా ఉన్న పట్టాలు 1931లో రాయపూర్ దాకా కలిశాయి. బొబ్బిలిలోనో పార్వతీపురంలోనో బండెక్కి, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయపూర్‌లో దిగి, అక్కడే వ్యాగన్ రిపేరు షాపులోనో ఏ రోలింగ్ మిల్లులోనో కుదురుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

సెలవుల్లో ఒకసారి నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళాడు. ఆయన ముందు బల్లంత కాగితం పరిచి ఉంది. ఒక అంచున స్టేషన్ల పేర్లు, మధ్య దూరాన్ని బట్టి వాటి ఎడం. ఇంకో అంచున గంటలు, నిమిషాలు. స్టేషన్ మాస్టరు ఫోన్లో బండి ఎన్నింటికి దాటిందో చెప్పగానే ఒక చుక్క పెట్టి, వెనకటి చుక్కతో కలుపుతూ గీత గీసేవాడు. ఒక్కో రకం బండికి ఒక్కో రంగు పెన్సిలు. గీత నిటారుగా ఉంటే బండి జోరుగా పోతున్నట్టు, అడ్డంగా సాగితే నిలబడినట్టు. సింగిల్ లైను కాబట్టి ఎదురెదురు బండ్ల గీతలు ఏదో ఒక స్టేషన్ దగ్గరే కలుసుకోవాలి. రెండు స్టేషన్ల నడుమ కలుసుకున్నాయంటే ఎవరో చెప్పిన టైము తప్పన్నమాట, వెంటనే పెన్సిల్ పక్కన పెట్టి ఫోన్ అందుకునేవాడు. ఫ్రాన్స్‌లో ఎటియెన్ జూల్ మారే 19వ శతాబ్దంలోనే పారిస్ నుంచి లియోన్ వెళ్ళే రైళ్ళని ఇలాంటి గీతలతో తన పుస్తకంలో చూపించాడని పెద్దయ్యాక చదివాను. అప్పట్లో నాకు అది చిన్నాన్న ఒక్కడికే తెలిసిన విద్యలా ఉండేది.

ఒక గీత మధ్యలో ఆగిపోయి ఉంది. తర్వాతి స్టేషన్ నుంచి రిపోర్టు రాలేదట. ‘‘బండి అటే పోతోంది కదా చిన్నాన్నా, కలిపెయ్యొచ్చుగా’’ అన్నాను. ‘‘పోతోందని నీకెవరు చెప్పార్రా?’’ అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. బండి ఆగిపోయి ఉండొచ్చు, ఇంజను చెడి ఉండొచ్చు. ఆయన గీత కలిపేస్తే, డ్యూటీ మారి వచ్చినవాడు దాన్ని నమ్మి ఇంకో బండి సంగతి తేల్చేస్తాడు. ఇప్పుడా చార్టుని రైల్వేల సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారుచేసిన కంట్రోల్ ఆఫీస్ అప్లికేషన్ గీస్తోంది. పెన్సిళ్ళు పోయినా ఆయన అడిగిన ప్రశ్న మాత్రం చార్టు గీసే ప్రతివాడికీ వర్తిస్తుంది.

బీర్‌గావ్ గ్రాఫుల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. రీడింగు రాని గంటకి ఫైల్లో గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని అంకెగా మార్చమంటే జావాస్క్రిప్ట్ సున్నా ఇస్తుంది. శూన్యమని చెప్పే నల్‌ని ఇచ్చినా సున్నాయే. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రాసిన భాష అది. ప్రోగ్రామర్లు కానివాళ్ళు కూడా పేజీలు చేసుకోవాలని, చిన్న తప్పులకి అలగకుండా సర్దుకుపోయేలా పెంచారు. నేను ఈ వారం మొదట్లో కోరుకున్న దయ అచ్చంగా ఇదే. దాని ఫలితంగా పరికరం ఆగిపోయిన గంటలన్నీ బీర్‌గావ్‌లో అతి స్వచ్ఛమైన గంటలుగా నమోదయ్యాయి. పీఎం 2.5 అనే సన్న దుమ్ము మన దేశంలో 24 గంటల సగటున ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ సగటులో ఈ సున్నాలు కలిస్తే ఎంత మసి ఉన్న రోజైనా ఆ హద్దుకి దిగువకి జారిపోవచ్చు. చార్ట్.జేఎస్‌కి నల్‌ని నల్‌గానే అందిస్తే బుద్ధిగా గీత తెంపి ఖాళీ వదులుతుంది. స్పాన్‌గ్యాప్స్ అనే మీట నొక్కితే మాత్రం ఆ ఖాళీ మీదుగా తిన్నని గీత లాగేస్తుంది.

గంటల్లో ఇంకో మెలిక కూడా ఉంది. పరికరం భారత కాలమానంలో సమయం పంపితే, సర్వరు దాని చివర గ్రీనిచ్ సమయమని ముద్ర వేసింది. బ్రౌజరు దానికి మన ఐదున్నర గంటలు కలిపింది. రాత్రి ఒంటిగంట మసి ఉదయం ఆరున్నరకి లేచింది. ఉదయం ఆరున్నర మసికి సంజాయిషీలు బోలెడు. పొయ్యిలు వెలిగిస్తారు, లారీలు కదులుతాయి, చలికాలం పొగమంచు. రాత్రి ఒంటిగంట మసికి ఆ సంజాయిషీలు చెల్లవు. దుమ్ము పట్టే ఈఎస్‌పీ యంత్రాలని కరెంటు ఖర్చు కలిసొస్తుందని రాత్రిళ్ళు ఆపేస్తారన్నది ఆ చుట్టుపక్కల బస్తీల పాత ఫిర్యాదు. అది నిజమో కాదో తేల్చగలిగేది ఆ రాత్రి గంటలే. వాటిని ఒక తప్పు సున్నాగా మార్చింది, ఇంకో తప్పు పొద్దుటికి తోసింది. రెండు సందర్భాల్లోనూ తెర మీద గ్రాఫు చూడముచ్చటగానే ఉంది, ఎర్రరు మాటే లేదు.

అందుకే బూడిద పెట్టె మీద రాద్దామనుకున్న ఫిర్యాదు రాయడం లేదు. ఆ పెట్టె ‘నాకు తెలియదు’ అని ఒప్పుకుని ఆగింది. లైబ్రరీలు రాసేవాళ్ళని నేనిప్పుడు కోరేది ఇంకాస్త మొండితనం. ఖాళీ గడి వస్తే లెక్క ఆపండి. సమయానికి కాలమానం చెప్పకపోతే తీసుకోకండి. ఊరి హద్దు బయట పడిన చుక్కని గీయకండి. కొత్తవాడు ఓ పూట తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి, అయితే ఎందుకు ఆగారో ఒక వాక్యంలో చెప్పండి.

కుర్రాళ్ళలో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. గీత తెగితెగి ఉంటే అధికారులు ‘మీ పరికరాలే సరిగ్గా లేవు’ అంటారని, ఖాళీల్లో సగటు నింపేద్దామని వాళ్ళ వాదన. ఆ భయం అర్థం లేనిది కాదు. చిన్న పరికరాల రీడింగులు తేమ ఎక్కువున్న రోజుల్లో పెరిగి చూపిస్తాయి, వాటిని ప్రభుత్వ కేంద్రాల కొలతలతో సమానంగా ఎవరూ ఒప్పుకోరు. అందుకే వాళ్ళ చేతిలో మిగిలే బలం ఏ గంట తెలుసు, ఏ గంట తెలియదు అని విడదీసి చెప్పగలగడమే. సగటు నింపితే అదీ పోతుంది. చివరికి రీడింగు లేని గంటల్ని గీతలు గీతలుగా ఉన్న పట్టీతో చూపించి, కింద ‘రీడింగు లేదు’ అని హిందీలో రాయాలని తేలింది. పట్టీకి ఏ రంగు వేయమంటావు మావయ్యా అని మా అక్క కొడుకు అడిగాడు. రంగే వద్దన్నాను. నగర నిగమ్‌లో అర్జీకి జతచేసేది నలుపు తెలుపు జిరాక్సు కాగితమే, అందులో ఆకుపచ్చా ఎరుపూ రెండూ ఒకే బూడిదలా పడతాయి.